మైనారిటీ తీరుట

మనుష్యుడు పెద్దవాడగుట ఎప్పుడు? ఈ ప్రశ్నకు న్యాయస్థానము తడుముకొనక ఉత్తరము చెప్పగలదు. పుట్టిన తేదీని చూచి, పదునెనిమిది సంవత్సరములు నిండినచో మేజరనియు, నిండనిచో మైనరనియు నిర్ణయించును. నిన్నటి రాత్రి వరకు తన పేరనున్న పెంకుటింటిని సైతము అమ్మజాలని బాలుడు నేటి యుదయమున పదియెకరముల మాగాణిని అమ్మజాలును. ఆ ఒక్క రాత్రిలో వానియందు కలిగిన మార్పేమి? ముఖము మారలేదు, బుద్ధి మారలేదు, స్నేహితులును మారలేదు. చట్టమునకు ఎక్కడనో యొకచోట గీత కావలెను గనుక గీత గీసినది. అంతకుమించి దానిలో మర్మమేమియు లేదు.

న్యాయవాదవృత్తిలో నుండి, మైనర్ల ఆస్తివ్యవహారములను అనేకములు చూచిన మాకు ఒక విషయము పలుమారు మనస్సునకు తట్టినది. మైనరుయొక్క పొలము పుట్రల విషయమున చట్టము ఎంత జాగ్రత్త చూపుచున్నదో, మన పిల్లల యంతఃకరణముల విషయమున మనము అందులో పదియవ పాలైనను చూపుట లేదు. ఈ సంగతిని బాల్యము వీడి యౌవనమున అడుగిడుచున్న యువతీయువకులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుటయే యీ పాఠముయొక్క ఉద్దేశము.

1. చట్టము గీసిన గీత

పూర్వము హిందూధర్మశాస్త్రము పదునారవ యేటిని వ్యవహారయోగ్యతకు హద్దుగా నెంచెను. పదునారేండ్లు వచ్చిన కుమారుని మిత్రునివలె చూడవలెనను లోకనీతియు మన పెద్దలెరుగనిది కాదు. 1875 సంవత్సరపు మెజారిటీ చట్టము దేశమంతటికిని పదునెనిమిదేండ్లను గీతగా ఏర్పరచెను. కోర్టువారు సంరక్షకుని నియమించినను, కోర్టాఫ్ వార్డ్సువారు ఆస్తిని స్వాధీనము చేసికొనినను, ఆ మైనరునకు ఇరువదియొక్క యేడు నిండువరకు మైనారిటీ తీరదని అదే చట్టము విధించెను. ఈ భేదమును 1999 నాటి సవరణ తొలగించినది. ఓటుహక్కునకు పూర్వము ఇరువదియొక్క యేండ్లు కావలసియుండగా, రాజ్యాంగముయొక్క 61వ సవరణముచే 1989 నుండి పదునెనిమిదేండ్లకే ఆ హక్కు సంక్రమించుచున్నది.

ఇక్కడ చదువరులు గమనింపదగిన దొక్కటి కలదు. 1875 నాటి చట్టము తన యధికారమును చెప్పుకొనుచునే, వివాహము, విడాకులు, దత్తత మున్నగు విషయములకును, ఆయా వర్గములవారి మతాచారములకును తాను వర్తింపనని ఆరంభముననే చెప్పినది. అనగా పొలము అమ్ముకొనుటకు నీవు పెద్దవాడవైతివని చెప్పిన చట్టము, ఎవరిని పెండ్లియాడవలెను, ఏ దైవము నారాధింపవలెనను రెండు విషయములలో నీ స్వాతంత్ర్యమును గూర్చి మౌనము వహించినది. మనుష్యుడు మనుష్యుడగుటకు ఏ రెండు విషయములందు స్వబుద్ధి ముఖ్యమో, ఆ రెండును ఇంటి పెద్దల చేతులలోనే నిలిచిపోయినవి. వివాహవయస్సు విషయమున చట్టములు తరువాత వచ్చినవి. 1929 నాటి శారదాచట్టము ఆడుపిల్లలకు పదునాలుగు, మగపిల్లలకు పదునెనిమిది యేండ్లు నిర్ణయింపగా, 1978లో ఆ వయస్సులు పదునెనిమిది, ఇరువదియొకటి యైనవి. కాని వయస్సు నిండుట వేరు, అంతరాత్మకు మైనారిటీ తీరుట వేరు.

2. సంరక్షకుని లెక్క

మైనరు ఆస్తిని సంరక్షకుడు ఏలుచుండగా చట్టము వానిని మూడు కట్టుబాట్లకు లోబరచును. మొదటిది: ఆస్తి మైనరుదే గాని సంరక్షకునిది కాదు. రెండవది: మైనరుయొక్క స్థిరాస్తిని కోర్టు అనుమతి లేక అన్యాక్రాంతము చేయుటకు సహజసంరక్షకుడైన తండ్రికి సైతము, 1956 నాటి చట్టము ననుసరించి, అధికారము లేదు. మూడవది: అట్లు చేసినచో, మైనరు మేజరైన పిమ్మట మూడేండ్లలోపల దావా వేసి ఆ విక్రయమును రద్దు చేయించుకొనవచ్చును. ఆ గడువు దాటినచో నోరెత్తుటకు వీలులేదు. విక్రయము స్థిరపడిపోవును.

ఈ మూడవ కట్టుబాటు మిక్కిలి రమ్యమైనది. సంరక్షకుడు చేసిన పనులన్నియు చెడ్డవని చట్టము చెప్పుట లేదు. ఆయన ద్రోహి యనియు చెప్పుట లేదు. 'నాయనా! నీవు నోరులేనివాడవై యున్నప్పుడు నీ పేర కొన్ని దస్తావేజులు వ్రాయబడినవి. ఇప్పుడు నీకు నోరు వచ్చినది. వానిని తెచ్చి చదువుకొనుము. మేలైనదానిని స్థిరపరచుకొనుము, కీడైనదానిని కొట్టివేయించుము. కాని కాలహరణము చేయకుము' అని మాత్రమే చెప్పుచున్నది. యౌవనమున ప్రవేశించు ప్రతివానికిని ఇంతకన్న మంచి యుపదేశమును మేమెరుగము.

3. మన పేర వ్రాయబడిన దస్తావేజులు

మన బాల్యమున మన పేర వ్రాయబడిన దస్తావేజులెట్టివి? పుట్టిన నాడే కులమను దస్తావేజు వ్రాయబడినది. మాటలు రాకమునుపే, వీరు మనవారు, వీరు కారు, వీరి యింట నీళ్లు త్రాగవచ్చును, వారి యింట త్రాగరాదు అను షరతులు దానిలో చేర్చబడినవి. మ్రొక్కుబడి యను దస్తావేజుచే మన తలవెండ్రుకలు మన యెరుక లేకయే ఒక దేవతకు తాకట్టుపడినవి. చదువను దస్తావేజుచే అన్న ఇంజనీరు, తమ్ముడు వైద్యుడు, చెల్లెలు పెండ్లికూతురు అని పంపకము ముగిసినది. ఆడుదాని పని యిది, మగవాని పని యిది యను హద్దురాళ్లు నాటబడినవి. ఇవన్నియు ప్రేమతో వ్రాయబడినవే కావచ్చును. అయినను వ్రాసినవారు వేరు, అనుభవింపవలసినవారు వేరు.

వీనితో కూడ మరికొన్ని దస్తావేజులును కలవు. తల్లి చెప్పిన సత్యవాక్కు, తాత నేర్పిన పద్యము, అతిథికి ముందు పెట్టి తాను తినుమను ఇంటిమర్యాద, పనివారికి ప్రొద్దుగూకకముందే కూలి చెల్లింపవలెనను నియమము. ఇవియు మనలను అడుగకయే మన పేర వ్రాయబడినవి. వీనిని రద్దు చేసికొనువాడు తన యాస్తిని తానే పాడుచేసికొనును.

కావున యౌవనప్రవేశమనగా మీసము వచ్చుట కాదు, పట్టము పుచ్చుకొనుట కాదు, ఉద్యోగమున చేరుటయు కాదు. ఈ పెట్టె తెరచి, ఒక్కొక్క కాగితమును వెలుతురున పట్టుకొని చదువుకొనుటయే యౌవనప్రవేశము.

4. కాకినాడలో జరిగినది

ఇది ఊహాగానము కాదు. ఈ పట్టణముననే, నూరేండ్లకు పైగా పూర్వము, ఒక తరము విద్యార్థులు ఆ పెట్టెను తెరచిరి. 1904లో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చి 1919 వరకు ఆ పదవిలో నుండిరి. వారు 1862లో బందరున జన్మించి, మదరాసు క్రైస్తవకళాశాలలో మిల్లరుదొరవారి శిష్యులై, బ్రాహ్మధర్మము నవలంబించినవారు. కళాశాలలో స్త్రీలకు ప్రవేశము కల్పించిరి. శీలపవిత్రతను, ఏకేశ్వరారాధనను, కులభేదనిరాకరణమును బోధించుటయే గాక ఆచరించి చూపిరి. 1925 మొదలు 1928 వరకు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, 1939లో పరమపదించిరి.

పిఠాపురపు రాజా సూర్యారావు బహద్దరుగారి చరిత్ర మన విషయమునకు సరియైన నిదర్శనము. 1885లో జన్మించిన ఆయన బాల్యమున కోర్టాఫ్ వార్డ్సు సంరక్షణలో నుండి, ఇరువదియొక్క యేండ్లు నిండిన పిమ్మట సంస్థానాధికారమును వహించిరి. చట్టము ఆయన చేతికిచ్చినది భూములును ధనాగారమును మాత్రమే. ఆ ధనమును అనాథబాలల శరణాలయమునకును, హరిజనవిద్యార్థుల వసతికిని, బ్రాహ్మమందిరమునకును వెచ్చింపవలెనను బుద్ధి ఏ చట్టమును ఇచ్చినది కాదు. అది వేంకటరత్నము నాయుడుగారి సాంగత్యమున ఆయన స్వయముగా సంపాదించుకొనిన మెజారిటీ.

ఆ గురువునొద్ద యౌవనమున అడుగిడినవారందరును ఒక్క దారిని నడువలేదని కూడ చెప్పవలెను. 1894లో జన్మించిన గుడిపాటి వేంకటచలముగారు 1911లో ఈ కళాశాలలో చేరి బ్రాహ్మసమాజమువైపు ఆకర్షితులైరి. తరువాత ఆ సమాజమును విడిచి, వివాహవ్యవస్థనే ప్రశ్నించి, తుదకు అరుణాచలమున స్థిరపడిరి. 1897లో జన్మించిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు అదే ప్రభావమున బ్రాహ్మభావములను గ్రహించి, 1925లో 'కృష్ణపక్షము'ను ప్రకటించి కవులైరి. ఒక్క దీపమున వెలిగించుకొనిన దివ్వెలు వేరువేరు త్రోవల వెలుగు చూపినవి. ఇది గురువునకు లోపము కాదు, గౌరవము. శిష్యుల తరఫున వ్రాలు చేయు గురువు వారిని మరల మైనర్లనే చేయును.

ఇంతకన్నను ఉజ్జ్వలమైన నిదర్శన మొక బాలికది. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి కాకినాడలో పెరిగిన దుర్గాబాయిగారికి ఎనిమిదవ యేటనే వివాహము చేసిరి. తెలివి వచ్చిన పిమ్మట ఆమె ఆ వివాహమును అంగీకరింపక, కాపురమునకు పోనని స్పష్టముగా చెప్పిరి. ఎనిమిదవ యేట ఆమెను పెండ్లిపీటలపై కూర్చుండబెట్టిన తండ్రియే, సోదరునితో కూడ, ఆమె పక్షమున నిలిచెను. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛందసేవికగా నిలిచి, టిక్కెట్టు లేనిదే లోనికి పంపనని నెహ్రూపండితుని సైతము నిలిపివేసినది ఆ బాలికయే. తరువాత 1937లో ఆంధ్రమహిళాసభను స్థాపించి, న్యాయశాస్త్రము చదివి, రాజ్యాంగసభలో సభ్యురాలైరి. చట్టము గీసిన గీతకు చాలమునుపే ఆమెకు మైనారిటీ తీరినది. అంతకన్న ముఖ్యమైన దేమనగా, ఆమె తండ్రి తాను వ్రాసిన దస్తావేజు తప్పని యెరిగి, దానిని కొట్టివేయుటకు తానే సాక్షిగా నిలిచెను. అట్టి తండ్రులు ఎంతమంది కలరో చదువరులే ఆలోచింపవలెను.

5. రెండు తప్పులు

పెట్టె తెరవవలసిన వయస్సున యువకులు రెండు విధముల తప్పిపోవుచున్నారు.

మొదటి తెగవారు పెట్టెను తెరవనే తెరవరు. పెద్దలు చెప్పినారు గనుక చేయుదురు. ఎందులకని యడిగిన కోపింతురు. వీరికి నలువదియేండ్లు వచ్చును, పిల్లలు పుట్టుదురు, తాము చదువని దస్తావేజులనే పిల్లల పేర తిరుగవ్రాయుదురు. గడువు దాటిపోవును. తప్పు ఆచారమై, ఆచారము ధర్మమై కూర్చుండును.

రెండవ తెగవారు పెట్టెనే గోదావరిలో విసరివేయుదురు. పాతదంతయు చెడ్డదే, ఇంటివారందరును మూఢులే యని చెప్పి, చదువకయే సమస్తమును రద్దు చేయుదురు. మేజరైన మరుసటి సంవత్సరముననే ఆస్తినంతయు ఊడ్చిపెట్టిన వారసులను కోర్టు ఆవరణములలో ఎవరు చూడలేదు? వీరి స్వాతంత్ర్యమును అట్టిదే. కులమును తిట్టుదురు గాని కులము చూచియే స్నేహము చేయుదురు. దేవుడు లేడందురు గాని సినిమానటుని పటమునకు పాలాభిషేకము చేయుదురు. సంరక్షకుని మార్చుకొనిరే గాని సంరక్షణ నుండి బయటపడలేదు.

మన డెల్టాలో వేసవియందు కాలువలు కట్టివేయుట అందరును ఎరిగినదే. ధవళేశ్వరమున కాటనుదొరవారి ఆనకట్ట 1852లో పూర్తియైనది మొదలు ఆ కాలువలే మన కన్నముపెట్టుచున్నవి. నీరు కట్టిన దినములలో పూడిక తీయుదురు, గట్లు బాగుచేయుదురు, మరల నీరు విడుతురు. పూడిక యున్నదని కాలువనే పూడ్చువాడు లేడు. కాలువ తాతలనాటిదని పూడికను పూజించువాడును లేడు. పదునెనిమిదవ యేడు మొదలు మూడు నాలుగేండ్లు జీవితమునకు అట్టి పూడికతీత దినములని యువకులు గ్రహింపవలెను.

ఈ రెండు తప్పులకును చిక్కక నడిచినవారిని చూపుమందురేని, మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారిని చూపుదుము. వారు 1817లో గొప్ప ధనవంతుల యింట జన్మించి, 1843లో బ్రాహ్మధర్మదీక్ష వహించిరి. తండ్రి ద్వారకానాథుడు 1846లో లండను నగరమున మరణించెను. శ్రాద్ధమును విగ్రహారాధనతో కూడిన పద్ధతిని జరుపుట తన విశ్వాసమునకు విరుద్ధమని దేవేంద్రనాథులు నిరాకరింపగా బంధువులు దూరమైరి. పిమ్మట 1848లో తండ్రి స్థాపించిన వ్యాపారసంస్థ కూలి, ఋణములు మీదబడినవి. ఆస్తిలో కొంతభాగము ట్రస్టు దస్తావేజుచే రక్షింపబడియుండుటచే అప్పులవారు దానిని తాకజాలరు. అయినను దేవేంద్రనాథులు ఆ రక్షణను కోరక, సమస్తమును అప్పులవారి ముందుంచి, పలు సంవత్సరములు సామాన్యజీవనము గడపి, తండ్రి ఋణములను తీర్చిరి. తండ్రి దానము చేయుదునని మాట యిచ్చిన ధనమును సైతము చెల్లించిరి.

తండ్రి ఆచారమును విడిచినవాడే తండ్రి అప్పును తీర్చెను. చట్టము తప్పనిసరి చేయని భారమును మోసెను, లోకము తప్పనిసరి చేసిన కర్మమును విడిచెను. మైనారిటీ తీరినవాని లక్షణ మిదియే. తనకు కష్టమైనదానిని విడిచి సుఖమైనదానిని ఉంచుకొనుట పరిశీలన కాదు. అసత్యమైనదానిని, అది సుఖమైనను, విడువవలెను. ధర్మమైనదానిని, అది భారమైనను, మోయవలెను.

6. సంరక్షకులమైన మనము

ఇంతవరకు యువకులకు చెప్పితిమి. ఇక మనలను మనము చూచుకొందము. ఈ పుటలను చదువువారిలో అనేకులు సంస్కారప్రియులు. కులభేదమును ఖండించు సభలకు పోవుదురు. వీరేశలింగముగారి జయంతిని జరుపుదురు. 1881లో రాజమహేంద్రవరమున జరిగిన ప్రథమ వితంతువివాహమునకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరని గర్వముతో చెప్పుకొందురు. కాని కుమార్తె ఒకనాడు వచ్చి 'నేను ఫలానివానిని వివాహమాడదలచితిని' అనినచో, మొట్టమొదట అడుగు ప్రశ్న యేది? వాని గుణమును గూర్చియా, కులమును గూర్చియా?

ఈ విషయమున మహాత్ములు సైతము తడబడిరి. కేశవచంద్రసేనుగారు 1872 నాటి వివాహచట్టమునకై ఎంతయో పాటుపడిరి. ఆ చట్టము వధువునకు పదునాలుగు, వరునకు పదునెనిమిది యేండ్లు నిండవలెనని విధించెను. కాని 1878లో, పదునాలుగేండ్లు నిండని తమ కుమార్తెనే కూచ్‌బిహారు మహారాజునకిచ్చి వివాహము చేసిరి. ఆ సంవత్సరముననే సమాజము చీలి సాధారణ బ్రాహ్మసమాజ మేర్పడినది. పరుల బిడ్డలకు చట్టము వ్రాయుట సులభము, తన బిడ్డకు దానిని వర్తింపజేయుట కష్టమని ఆ చీలిక మనకు నేర్పినది.

పరులను చెప్పి మమ్ము విడుచుకొనుట న్యాయము కాదు. మాకు ఇరువదియారవ యేట వివాహమైనది. అప్పటికే నల్లకోటు ధరించి రెండేండ్లయినది. 1961 నాటి వరకట్ననిషేధచట్టమును చదివి పరీక్షలో చక్కగా వ్రాసియుంటిమి. అయినను మా వివాహమున కట్నము చేతులు మారినది. 'పెద్దలు మాటలాడుకొనిరి, మాకు సంబంధము లేదు' అని మేము మౌనము వహించితిమి. చట్టరీత్యా మేజరులమై ఎనిమిదేండ్లు గడచినను, ఆ దినమున మేము పచ్చి మైనరులము. ఆ ధనమునకై మామగారు అమ్మిన యెకరన్నర కొబ్బరితోట నేటికిని పరులచేతనే యున్నది. పుచ్చుకొనిన కట్నమును మూడు నెలలలో వధువునకు అప్పగింపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. మేము పదునొకండేండ్లకు అప్పగించితిమి. కాగితములు చేతికిచ్చిన నాడు మా భార్య వానిని చదివి, "నాకిచ్చి లాభమేమిటండీ? నాన్నగారు బ్రతికియుండగా ఆయనకు చెప్పవలసిన మాట యిది" అని మాత్రమనెను. అప్పటికి ఆయన గతించి రెండేండ్లయినది. లెక్క సరిచేసికొనుటకు గడువుండునని న్యాయశాస్త్రమున చదివితిమి గాని, దాని యర్థము మాకు ఆ దినముననే తెలిసినది.

కావున తల్లిదండ్రులకు మా మనవి యొక్కటియే. పిల్లలు లెక్క యడుగకమునుపే లెక్క చెప్పుడు. ఈ ఆచారమును మేమిందులకు పాటించితిమి, ఈ విషయమున మేము భయపడితిమి, ఈ విషయమున మేము తప్పితిమి అని పదునెనిమిదేండ్ల బిడ్డను కూర్చుండబెట్టి చెప్పుడు. అందుచే గౌరవము తగ్గదు. లెక్క చెప్పిన సంరక్షకునిపై దావా వేయువారు అరుదు.

7. అభ్యాసము

ఈ పాఠమును చదివిన యువతీయువకులు వారమున కొకమారు, ఉపాసనకు ముందు, ఏకాంతమున కూర్చుండి ఈ క్రింది ప్రశ్నలను వేసికొందురుగాక.

నేను నమ్మునది నేను విచారించి నమ్మినదా, విని నమ్మినదా?

నేను విడిచినది అసత్యమని విడిచితినా, శ్రమయని విడిచితినా?

నా పేర జరిగిన యన్యాయమువలన నేడు సుఖించుచున్నానా? దాని మూల్యము నెవరు చెల్లించుచున్నారు?

నా సంరక్షకులకు నేను తీర్పవలసిన ఋణమేది?

ఏ తప్పును సరిదిద్దుకొనుటకు నాకింక గడువు మిగిలియున్నది?

సమాధానములను కాగితముపై వ్రాసికొనుట మేలు. మనస్సులోని లెక్క మనకనుకూలముగా మారుచుండును. కాగితముపైని లెక్క మారదు.

పరమపితా! మా బాల్యమున నీవే తల్లిదండ్రుల రూపమున మమ్ము సంరక్షించితివి. మాకు బుద్ధి నిచ్చితివి, నోరు నిచ్చితివి. మా పెట్టెను తెరచుటకు ధైర్యమును, చదువుటకు వెలుగును, విడువవలసినదానిని విడుచుటకు బలమును, తీర్పవలసిన ఋణమును తీర్చుటకు వినయమును ప్రసాదింపుము. గడువు దాటకమునుపే మమ్ము మేల్కొల్పుము.